టీనేజ్ పిల్లలతో వేసవిలో అమెరికా ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా సంక్రాంతి దాటగానే ఇండియా నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఈ సెలవులకి పిల్లల్ని తీసుకుని వద్దామనుకుంటున్నాం" అంటూ అన్నయ్యలు, వదినలు, పాత స్నేహితులు అడిగే సందేహాలు దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఇది పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్ల కోసం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. ప్లాన్ వేసే రోజునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంకో రెండు మూడేళ్లలో వాళ్లు హాస్టళ్లకి వెళ్లిపోతారు. ఇంటిల్లిపాదీ కలిసి ఇన్ని రోజులు తిరిగే అవకాశం తరవాత అంత సులువుగా దొరకదు.

## అనుకుంటున్న దశలో

మా సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారంలో అయిపోతాయి. ఏ నెలలో రావడం మంచిది?

మే నెల. మే చివరి సోమవారం మెమోరియల్ డే. అమెరికన్ల వేసవి సీజన్ అక్కడి నుంచే మొదలవుతుంది, హోటల్ ధరలూ జనమూ అప్పుడే పెరుగుతాయి. అంతకు ముందు వస్తే చాలాచోట్ల వాతావరణం కూడా హాయిగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో మంచు కరిగి జలపాతాలు మే, జూన్‌లలోనే నిండుగా దూకుతాయి. ఆగస్టుకి యోసెమిటీ ఫాల్స్ చాలాసార్లు ఎండిపోతుంది.

మే నెలకి ఇబ్బందులూ ఉన్నాయి. కొండల్లో కొన్ని రోడ్లు మంచు వల్ల ఇంకా మూసే ఉంటాయి. యోసెమిటీ మీదుగా వెళ్లే టియోగా రోడ్డు సాధారణంగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు. మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ పార్కులో కొండ మీది రోడ్డు పూర్తిగా తెరవడానికి జూన్ చివరో జూలైయో అవుతుంది.

ఇంకో విషయం, అమెరికాలో ఉన్న కజిన్స్‌కి అప్పటికి సెలవులు ఉండకపోవచ్చు. డాలస్ వైపు స్కూళ్లు మే చివర్లో అయిపోతాయి. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. పిల్లలందరూ కలిసి గడపాలన్నది మీ ముఖ్య ఉద్దేశమైతే ముందు ఏ ఊరికి వెళ్తున్నారో చూసుకుని, తేదీలు ఆ తరవాత పెట్టుకోండి.

మా అబ్బాయి చదువుకి ఇబ్బంది లేకుండా ఏ సంవత్సరం వెళ్లాలి?

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిని మించింది లేదు. "బ్రిడ్జ్ కోర్సు పోతుంది" అని కాలేజీవాళ్లు భయపెడతారు. నా మాట వినండి, ఆ మూడు వారాలతో ర్యాంకు తారుమారు కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల తరవాతి సెలవులూ బాగుంటాయి. ఇంటర్ రెండో ఏడాది అయిన వేసవిలో మాత్రం పెట్టుకోకండి. నీట్, ఎప్‌సెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్, వాటి వెనకే కౌన్సెలింగ్. ఇక్కడికి వచ్చినా ఇంట్లో అందరికీ టెన్షనే.

ఎన్ని రోజులు ఉంటే సరిపోతుంది?

మూడు వారాలు. రెండు వారాల్లో మొదటి మూడు నాలుగు రోజులు నిద్ర సర్దుకోవడానికే పోతాయి. ఐదారు వారాలైతే పిల్లలకి స్నేహితుల మీద, వాళ్ల గది మీద బెంగ పట్టుకుంటుంది. అమ్మమ్మ తాతయ్యలు ఆరు నెలలు ఉండటం వేరు, పదిహేనేళ్ల పిల్ల ఉండటం వేరు.

టీనేజ్ పిల్లలకి టికెట్లలో తగ్గింపు ఉంటుందా?

ఉండదనుకునే లెక్క వేసుకోండి. విమానంలో 12 ఏళ్లు నిండితే పెద్దల ఛార్జీ. డిస్నీ పార్కుల్లో పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే. వీసా ఫీజు 185 డాలర్లు, పసిపిల్లలకైనా పెద్దలకైనా ఒకటే. నలుగురికి 740 డాలర్లు, వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు.

నేషనల్ పార్కుల విషయంలో 2026 నుంచి పెద్ద మార్పు వచ్చింది. గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, ఎల్లోస్టోన్, జాయన్ వంటి 11 పార్కుల్లో, అమెరికాలో నివాసం లేనివాళ్లు 16 ఏళ్లు నిండి ఉంటే మామూలు ప్రవేశ రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి. విదేశీయుల వార్షిక పాస్ 250 డాలర్లు, అది తీసుకుంటే ఈ అదనపు రుసుము ఉండదు. ఇద్దరు పెద్దలు, పదహారు నిండిన ఒక పిల్లాడు ఉన్న కుటుంబం ఒక్క పార్కు చూసినా పాసే చవక.

## పాస్‌పోర్టు, వీసా

పిల్లలు కూడా ఇంటర్వ్యూకి రావాలా?

రావాలి. ఒకప్పుడు 14 ఏళ్లలోపు పిల్లలకి మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు నుంచి వాళ్లు కూడా మామూలుగా స్వయంగా హాజరు కావాలి. కుటుంబం మొత్తానికి ఒకేసారి స్లాట్ తీసుకోండి. హైదరాబాద్‌లో ముందు ఫొటో, వేలిముద్రల కోసం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రానికి, ఆ తరవాత ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కి వెళ్లాలి. కాన్సులేట్ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. పిల్లల ఫోన్లు ఇంట్లోనే పెట్టించండి.

స్లాట్లకి నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. మే ప్రయాణానికి అంతకు ముందు వేసవిలోనే వీసా పని మొదలుపెట్టడం క్షేమం. బీ1/బీ2 (టూరిస్టు) వీసా మనవాళ్లకి మామూలుగా పదేళ్లకి ఇస్తారు కాబట్టి తొందరపడి తీసుకున్నా వృథా కాదు.

డీఎస్-160 (వీసా దరఖాస్తు) ఫారంలో పిల్లల ఇన్‌స్టాగ్రామ్ ఐడీ కూడా రాయాలా?

రాయాలి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు ఫారంలో అడుగుతారు. పిల్లలకి మీకు తెలియని రెండో ఖాతా ఉండొచ్చు. కోప్పడకుండా, "ఇది ప్రభుత్వానికి ఇచ్చే ఫారం, అన్నీ నిజమే రాయాలి" అని చెప్పి, వాళ్ల చేతే ఆ భాగం నింపించండి. ఏజెంటుకి అప్పజెప్పినా సబ్మిట్ కొట్టే ముందు ప్రతి పేజీ మీరే చదవండి. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఫొటోలో కళ్లజోడు ఉండకూడదు.

పాప పాస్‌పోర్టు గడువు దగ్గరపడింది. ముందు అది మార్చాలా?

మార్చేయండి. మైనర్ల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. 15 దాటిన పిల్లలకి పదేళ్ల పాస్‌పోర్టు కోరుకోవచ్చు, అదే తీసుకోండి. ఒకవేళ పాత పాస్‌పోర్టులో వీసా ఉండి గడువు తీరిపోయి ఉంటే కంగారు వద్దు. వీసా గడువు మిగిలి ఉంటే చెల్లుతుంది. పాతదీ కొత్తదీ రెండూ చేతిలో పెట్టుకుని ప్రయాణం చేయాలి.

ఇంటర్వ్యూలో పిల్లల్ని ఏమైనా అడుగుతారా? ఎలా తయారు చేయాలి?

ఏ క్లాసు, ఎక్కడికి వెళ్తున్నావు, అక్కడ ఎవరున్నారు అని అడగొచ్చు. బట్టీ పట్టించకండి. పదహారేళ్ల పిల్లాడు అప్పజెప్పినట్టు మాట్లాడితే వెంటనే తెలిసిపోతుంది. ప్లాన్ వేసేటప్పుడు వాడూ కూర్చుని ఉంటే ఎక్కడికి, ఎందుకు అన్నది వాడికే తెలుసు, అదే చెప్తాడు. పెద్దవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: మీరు తిరిగి ఇండియా వచ్చేస్తారని అధికారికి నమ్మకం కలగాలి. ఉద్యోగం, వ్యాపారం, పిల్లల స్కూలు తిరిగి తెరిచే తేదీ, ఇవన్నీ సూటిగా రెండు ముక్కల్లో చెప్పగలగాలి.

మావారికి సెలవు దొరకదు. నేనొక్కదాన్నే పిల్లల్ని తీసుకురావచ్చా?

తప్పకుండా రావచ్చు. ఆయన సమ్మతి తెలిపే ఉత్తరం ఇంగ్లీషులో రాయించి, నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. పిల్లలు పిన్నితోనో బాబాయితోనో వస్తుంటే తల్లీతండ్రీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆ కాగితం ఎవరూ అడగకపోవచ్చు, అడిగితే మాత్రం చేతిలో ఉండాలి.

## టికెట్లు, రూటు

ఏ దారిలో రావడం సుఖం?

ఒక్కటే స్టాపు ఉండి, మీరు దిగాల్సిన ఊరికే నేరుగా వచ్చే విమానం చూసుకోండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ వేయాలి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా బుక్ చేయండి. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది: అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, ఇక్కడ దిగి నేరుగా బయటికి వచ్చేయొచ్చు.

ఈస్ట్ కోస్టా, వెస్ట్ కోస్టా? రెండూ చూడొచ్చా?

మూడు వారాల్లో రెండూ చూడొచ్చు. ఒక్కోవైపు వారం చొప్పున, మిగిలిన వారం చుట్టాల దగ్గర, విశ్రాంతికి. దూరాలు కాగితం మీద రాసుకుంటే ఆశ అదుపులో ఉంటుంది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ కారులో నాలుగు గంటలు. న్యూయార్క్ నుంచి నయాగరా ఏడు గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యోసెమిటీ నాలుగు. లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ నాలుగున్నర.

ఒక్కటే చూడగలిగితే? నగరాలంటే ఇష్టపడే పిల్లలకి ఈస్ట్, కొండలూ ఎడారులూ నచ్చేవాళ్లకి వెస్ట్. డబ్బు చూసి ఖర్చు పెట్టాలంటే వాషింగ్టన్ డీసీకి రెండు మూడు రోజులు ఇవ్వండి. స్మిత్‌సోనియన్ మ్యూజియాలన్నీ ఉచితం. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం లాంటి కొన్నిటికి మాత్రం ఉచిత పాసు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

నయాగరా మానకండి. బోటులో నీలం రంగు ప్లాస్టిక్ కోటు తొడుక్కుని హార్స్‌షూ ఫాల్స్ ఎదుటికి వెళ్లినప్పుడు, తుంపర్లకి కళ్లు తెరవలేక, ఆ హోరులో పక్కవాళ్ల మాట వినబడక, ఎంత ముభావంగా ఉండే పిల్లలైనా కేకలు పెడతారు. కెనడా వైపు వెళ్లాలంటే మాత్రం వేరే వీసా కావాలి. అమెరికా వైపు నుంచే తృప్తిగా చూడొచ్చు.

చుట్టాలందరి ఇళ్లకీ వెళ్లాలి కదా. లేకపోతే ఏమనుకుంటారో?

అందరూ ఎక్కువగా మొహమాటపడేది ఇక్కడే, ప్రయాణం చెడేదీ ఇక్కడే. ఎడిసన్‌లో పెద్దమ్మగారు, ఫ్రిస్కోలో బాబాయి, ఫ్రీమాంట్‌లో మీ కాలేజీ స్నేహితులు. అందరి దగ్గరికీ రెండేసి రోజులు తిరిగితే పిల్లలు చూసింది సోఫాలు, పెరటి గడ్డి, ఇండియన్ స్టోరు. పెద్దవాళ్లు అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్లు ఓ మూల ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. అది వాళ్ల తప్పు కాదు.

రెండు ఇళ్లు ఎంచుకోండి, అక్కడే నాలుగేసి రోజులు ఉండండి. మిగతావాళ్లని ఏదో ఒక శనివారం గుడిలోనో పార్కులోనో కలుద్దామని చెప్పండి. న్యూజెర్సీలో బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి దానికి చక్కటి చోటు, క్యాంటీన్ కూడా ఉంటుంది. మేము ఇక్కడ ఉన్నవాళ్లం కాబట్టి చెప్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోరు. మాకూ ఏడాదికి సెలవులు కొద్దిగానే ఉంటాయి. మామూలు రోజుల్లో మేము ఆఫీసుకి, మా పిల్లలు స్కూలుకి వెళ్లక తప్పదు. ఆ రోజుల్లో మీ అంతట మీరు తిరిగేలా ప్లాన్ చేసుకోండి, శని ఆదివారాలు అందరం కలిసి గడుపుదాం.

పనిలో పనిగా కాలేజీలు కూడా చూపించమంటారా?

పిల్లలు అడిగితే చూపించండి. చాలా యూనివర్సిటీలు వేసవిలో కూడా విద్యార్థుల చేత క్యాంపస్ టూర్లు నడిపిస్తాయి. వాటికి డబ్బు తీసుకోరు, పేరు ముందుగా వాళ్ల వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. ఒకటి రెండు చాలు. "నువ్వు ఇక్కడే చదవాలి" అన్న మాట మాత్రం ఆ గేటు దగ్గర అనకండి. ఆ రోజంతా పిల్లల మనసు మీద ఆ బరువే ఉంటుంది.

## సర్దుకునేటప్పుడు

ఆవకాయ, స్వీట్లు తేవచ్చా? ఏవి తేకూడదు?

ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు, సున్నుండలు, జంతికలు తేవచ్చు. నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేయించండి. చికెన్, మటన్ పచ్చళ్లు తేకూడదు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, మొక్కలు, విత్తనాలు కూడా కుదరవు. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగులు ఉంటాయని భయం. కస్టమ్స్‌లో అడిగితే "ఫుడ్ ఉంది" అని దాచకుండా చెప్పండి. చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా.

గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లు గసగసాలు, గసగసాలు కలిపిన మసాలాలు అసలు పెట్టుకోవద్దు. యూఏఈలో అవి మాదకద్రవ్యాల కింద లెక్క.

ఎండాకాలమే కదా, స్వెటర్లు అవసరమా?

అవసరమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూలైలో కూడా సాయంత్రం గాలికి వణుకు పుడుతుంది. లాస్ వేగాస్‌లో జూన్‌కే 40 డిగ్రీలు దాటుతుంది. మనిషికి ఒక జాకెట్, నడవడానికి పాత, అలవాటైన బూట్లు తప్పనిసరి.

మనిషికి రెండు పెట్టెలు ఉచితమని నలుగురూ ఎనిమిది పెట్టెలు తెస్తారు. ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య విడిగా కొన్న విమాన టికెట్లలో చాలావాటికి ప్రతి పెట్టెకీ డబ్బు కట్టాలి. పెద్ద పెట్టెలు చుట్టాలింట్లో వదిలి, చిన్న బ్యాగులతో తిరగండి.

ఇన్సూరెన్స్ తప్పనిసరా?

వీసాకి అడగరు. అయినా లేకుండా రావద్దు. చెయ్యి విరిగి ఎమర్జెన్సీకి వెళ్తే వేల డాలర్లలో బిల్లు వస్తుంది. తీసుకునేటప్పుడు ముందు నుంచీ ఉన్న జబ్బులకి వర్తిస్తుందో లేదో చదవండి. ఆస్తమా ఉన్న పిల్లలకి ఇన్‌హేలర్లు, మిగతా మందులు ప్రయాణానికి సరిపడా, అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో సహా తెచ్చుకోండి. అవి చేతి సంచిలో ఉండాలి.

హెయిర్ స్ట్రెయిట్‌నర్, ఛార్జర్లు ఇక్కడ పనిచేస్తాయా?

ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్లు పనిచేస్తాయి, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు. ఇక్కడ కరెంటు 120 వోల్టులే. 220 వోల్టుల స్ట్రెయిట్‌నర్, డ్రయ్యర్ సరిగా వేడెక్కవు.

## దిగిన తరవాత

ఇమిగ్రేషన్ దగ్గర ఎలా మాట్లాడాలి?

కుటుంబమంతా కలిసి ఒకే కౌంటర్‌కి వెళ్లండి. ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. ఉండబోయే ఇంటి చిరునామా, తిరుగు టికెట్ కాగితం మీద ఉండాలి, ఫోన్ ఛార్జింగ్‌ని నమ్ముకోవద్దు. బయటికి వచ్చాక ఐ-94 రికార్డు (మీరు దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసేది) ఆన్‌లైన్‌లో తీసి, అందరి పేర్లూ గడువు తేదీలూ సరిచూసుకోండి. మీరు ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఆ తేదీయే, వీసా మీది తేదీ కాదు.

పిల్లలు పగలంతా పడుకుంటున్నారు. ఏం చేయాలి?

వేసవిలో ఇండియాకీ న్యూయార్క్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా, కాలిఫోర్నియాకి పన్నెండున్నర. మొదటి రెండు రోజులు టికెట్లు కొన్న కార్యక్రమాలేవీ పెట్టుకోకండి. పొద్దున్నే ఎండలో నడిపించండి. సాయంత్రం ఎనిమిది దాకా మెలకువగా ఉంచండి. మూడు నాలుగు రోజుల్లో దారిలో పడతారు.

మా డ్రైవింగ్ లైసెన్సుతో కారు నడపొచ్చా?

చాలా రాష్ట్రాల్లో టూరిస్టులకి కుదురుతుంది. మీ ఆర్టీవో దగ్గర అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకుంటే అద్దె కారు దగ్గర మాటలు తగ్గుతాయి. అది ఏడాది చెల్లుతుంది, అసలు లైసెన్సుతో కలిపి చూపించాలి. స్కూల్ బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద రెండు వైపుల వాహనాలూ ఆగాలి. పోలీసు ఆపితే కారు దిగకండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చోండి.

పెట్రోల్ బంకులో మెషిన్ జిప్ కోడ్ (ఇక్కడి పిన్ కోడ్) అడుగుతుంది, ఇండియా కార్డు తీసుకోదు. లోపలికి వెళ్లి పంపు నంబర్ చెప్పి, ఇంత డబ్బుకి అని ముందే కట్టండి.

పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపొచ్చా?

పగలు, ఇద్దరు ముగ్గురు కలిసి, మీకు తెలిసిన చోటికి పంపొచ్చు. మాల్, మ్యూజియం, ఇంటి దగ్గరి పార్కు. ఆ స్వేచ్ఛ వాళ్లకి చాలా ఇష్టం, ఇవ్వండి. ఫోన్‌లో పనిచేసే నంబర్, పాస్‌పోర్టు కాపీ, ఉంటున్న ఇంటి చిరునామా ఉండాలి. అత్యవసరానికి 911.

ఒక విషయం మాత్రం కూర్చోబెట్టి చెప్పండి. ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో గంజాయి దుకాణాల్లో అమ్ముతారు, అదీ 21 నిండినవాళ్లకే. అది కలిపిన మిఠాయిలు అచ్చం మామూలు గమ్మీల్లా ఉంటాయి. ఎవరిచ్చినా తీసుకోకూడదు. ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరమే, తరవాతి వీసాలకి అడ్డం పడుతుంది.

పిల్లలతో లాస్ వేగాస్ వెళ్లొచ్చా?

ఒక రాత్రి లైట్లు, బెల్లాజియో ఫౌంటెన్లు చూడటానికి వెళ్లొచ్చు. 21 లోపువాళ్లు కాసినోలో నుంచి నడిచి వెళ్లొచ్చు గానీ యంత్రాల దగ్గర ఆగకూడదు. రెండో రోజు పొద్దున్నే గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరండి.

తిండికి ఇబ్బంది పడతామా?

పిల్లలు పడరు. బరిటో గిన్నెల్లో అన్నం, బీన్స్, కూరలు ఉంటాయి కాబట్టి శాకాహారులకీ సాగిపోతుంది. ఇబ్బంది నాన్నలకే. చిన్న రైస్ కుక్కర్, పచ్చళ్లు, పెరుగు ఉంటే హోటల్ గదిలో రాత్రి భోజనం అయిపోతుంది. వంటకి ఒప్పుకునే గదేనా అని బుక్ చేసేటప్పుడే చూడండి. రెస్టారెంటులో మెనూ ధర మీద పన్ను, దాని మీద 15 నుంచి 20 శాతం టిప్పు కలుపుకుని లెక్కేసుకోండి.

ఎక్కడికి తీసుకెళ్లినా ఫోన్‌లోనే ఉంటున్నారు. ఏం చేయమంటారు?

మూడు వారాల్లో మూడు రోజులు పూర్తిగా వాళ్లకే అప్పగించండి. ఎక్కడికి వెళ్లాలి, ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ తినాలి, అంతా వాళ్లే చూస్తారు. బడ్జెట్ మాత్రం మీరు చెప్పండి. మా మేనకోడలు న్యూయార్క్‌లో అలాగే అందరినీ సబ్‌వేలో తిప్పింది. మ్యాప్ చూడటం, రైలు మారడం అంతా ఆమే. ఫోన్ చేతిలోనే ఉంది, కానీ ఆ రోజు అది మా అందరికీ దారి చూపించడానికే పనికొచ్చింది. మీకు నచ్చని చోటికి తీసుకెళ్లినా ఆ రోజుకి వాళ్ల మాటే చెల్లనివ్వండి.

## తిరుగు ప్రయాణం

పిల్లలు ఐఫోన్, లాప్‌టాప్ కొనమంటున్నారు. ఇక్కడ కొనడం లాభమా?

బోర్డు మీద ధరకి సేల్స్ ట్యాక్స్ కలిపి చూడండి. డెలావేర్, ఒరెగాన్‌లలో ఆ పన్ను లేదు. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ కార్డు పెట్టే చోటే ఉండదు, ఈ-సిమ్ ఒక్కటే. ఇండియాలో జియో, ఎయిర్‌టెల్ ఈ-సిమ్ ఇస్తాయి గనక వాడుకోవచ్చు. ఇండియా కస్టమ్స్‌లో 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు, మైనర్ పిల్లల పేరు మీద ఆ మినహాయింపు రాదు. పిల్లాడికి కొన్న లాప్‌టాప్ మీ లెక్కలోకి వస్తుంది, బిల్లు దగ్గర పెట్టుకోండి.